‘టేక్ అప్’కి అర్థం లేదు

మా అక్క కూతురు బీటెక్ మూడో ఏడు. బయటికి వెళ్లి ఎంఎస్ చెయ్యాలని ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకి కోచింగ్ తీసుకుంటోంది. పోయిన నెలలో ఒక రోజు రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపి, నేను చూసేలోపే ఫోన్ చేసింది. "పిన్నీ, ప్యాంట్లని ప్రారంభించడం ఏంటి?"

ఫొటో తెరిస్తే కోచింగ్‌లో ఇచ్చిన నోట్సు. ఎడమ పక్క ఫ్రేజల్ వెర్బ్ (అంటే క్రియకి అప్, ఆఫ్ లాంటి చిన్న మాట తోడై ఒక్కటిగా నడిచేది), కుడి పక్క తెలుగు అర్థం, మధ్యలో ఈక్వల్ టు గుర్తు. ‘టేక్ అప్’కి ఎదురుగా ‘ప్రారంభించు’ అని ఉంది. కింద అభ్యాసంలో "ద టైలర్ టుక్ అప్ ద ట్రౌజర్స్" అని ఒక వాక్యం. పిల్ల బుద్ధిగా "దర్జీ ప్యాంట్లను ప్రారంభించాడు" అని రాసేసి, ఎక్కడో తేడా కొడుతోందని నాకు చేసింది. కొత్త ప్యాంటు పొడుగైతే కింద మడిచి కుట్టించుకుంటాం చూడు, అదే ఇది అన్నాను. "మరి ప్రారంభించు అని ఎందుకిచ్చారు?" అంది. న్యాయమైన ప్రశ్నే.

ఎందుకిచ్చారంటే, "షి టుక్ అప్ టెన్నిస్" అన్నచోట ఆ అర్థం అతికినట్టు సరిపోతుంది కాబట్టి. టెన్నిస్ ఆడటం మొదలుపెట్టింది. కానీ అవే రెండు మాటల పక్కన టెన్నిస్ తీసేసి గదిని పెట్టండి, "ద సోఫా టేక్స్ అప్ ద హోల్ రూమ్" అంటే సోఫా గదంతా ఆక్రమించేసింది. టైమ్ పెట్టండి, "ఐ వోంట్ టేక్ అప్ యువర్ టైమ్" అంటే మీ టైమ్ తినను. ఆఫర్ పెడితే, ఇస్తామన్నదాన్ని సరేనని తీసుకోవడం. ప్యాంటు పెడితే పొట్టి చెయ్యడం. టేక్ అలాగే ఉంది, అప్ అలాగే ఉంది, పక్కన వచ్చి కూర్చున్న నామవాచకం మారిందంతే. అందుకే నా వాదన కాస్త మొండిగానే చెప్తున్నాను: ‘టేక్ అప్’కి విడిగా అర్థం లేదు. ఎవరైనా దాని అర్థం ఏంటని అడిగితే, ‘దేన్ని?’ అని ఎదురు అడగాలి. అడక్కుండా జవాబు చెప్పే నోట్సులన్నీ పిల్లల చేత ప్యాంట్లు ప్రారంభింపజేస్తాయి.

ఇది ఇంగ్లీషుకే పట్టిన రోగం అనుకునేవాళ్ల కోసం మన ‘పట్టు’నే తీసుకుందాం. (రోగం పట్టడం కూడా వచ్చేసింది చూశారా, కావాలని రాయలేదు.) పట్టు అంటే ఏంటి? చేత్తో గట్టిగా పట్టుకోవడం అని చెప్తాం, నిఘంటువూ అదే చెప్తుంది. మరి నిద్ర పట్టింది అంటే? ఇనుముకి తుప్పు పట్టింది, ఒంటికి చెమట పట్టింది, వెళ్లడానికి గంట పట్టింది, పిల్లాడికి పాలు పట్టింది, కుళాయి దగ్గర నాలుగు బిందెలు పట్టింది, ముక్కకి ఉప్పూ కారం బాగా పట్టింది, వాడికి దెయ్యం పట్టింది, వాడికసలు ఇల్లే పట్టదు. వీటిల్లో చేత్తో పట్టుకున్నది ఎక్కడైనా ఉందంటే ఆ బిందెల దగ్గరే, అదీ నిజానికి పట్టింది నీళ్లని. నిద్ర వచ్చింది, గంట గడిచింది, ఉప్పు లోపలికి దిగింది, ఇల్లు అతని బుర్రలోకి ఎక్కలేదు. ఒక్క క్రియ ఇన్ని వేషాలు వేస్తుంటే మనలో ఎవరమూ ఏనాడూ కంగారు పడలేదు, ఎందుకంటే ‘పట్టు’ని విడిగా మనకెవరూ నేర్పలేదు. నిద్ర పట్టడం ఒకటిగా విన్నాం, తుప్పు పట్టడం ఇంకొకటిగా విన్నాం. ‘కొట్టు’ కథా ఇంతే. ఈత కొడతాం, చప్పట్లు కొడతాం, ఎండ కొడుతుంది, సినిమా బోరు కొడుతుంది. ఇందాక మా పిల్లకి తేడా కూడా కొట్టింది.

అంటే నామవాచకంతో కలిపి క్రియని గుర్తుపెట్టుకునే అలవాటు తెలుగువాడికి పుట్టుకతో ఉంది. ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు దాన్ని గుమ్మం బయట వదిలేసి రమ్మంటారు, నా కోపం అంతా దాని మీద.

నాకెలా నేర్పారో చెప్తాను. టెన్త్‌లో గైడు వెనక పేజీల్లో అక్షరక్రమంలో ఒక జాబితా ఉండేది, బ్రేక్ డౌన్, బ్రేక్ ఇన్, బ్రేక్ ఆఫ్, బ్రేక్ అవుట్ అనుకుంటూ. ఎక్కాల్లా బట్టీ పట్టేదాన్ని. డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీషులో చేరితే అక్కడా ఒక చిన్న పుస్తకం, అదే జాబితా, కాకపోతే ఇంకా పొడుగు. ఒకదాని కింద ఒకటి బ్రేక్‌లే ఉంటే ఏది ఏదో మనిషన్నవాడికి గుర్తుండదు. వరసగా నిలబెట్టిన కవలల్లో పెద్దవాడెవరో చెప్పమన్నట్టు ఉంటుంది.

దాని ఫలితం ఉద్యోగంలో చేరిన రెండో ఏడు అనుభవించాను. ఒక శనివారం రాత్రి క్లయింటు సిస్టమ్ పడిపోయింది. పొద్దుటి దాకా కూర్చుని సరిచేశాం. మా ఆఫీసుల్లో ఇలాంటి గండాన్ని ‘ఫైర్’ అంటారు. ఆనందంలో నేనే మెయిల్ రాశాను, "వి హ్యావ్ పుట్ ఆఫ్ ద ఫైర్" అని. బుర్రలో ఉన్నది గైడులోని ‘పుట్ ఆఫ్ – ఆర్పు’. క్లయింటు వైపు మేనేజరు దగ్గర్నుంచి రెండే మాటల జవాబు వచ్చింది. "అన్‌టిల్ వెన్?"

ఎప్పటిదాకా అని. నేను మంటని వాయిదా వేశానన్నమాట.

గైడు పూర్తిగా అబద్ధమేమీ చెప్పలేదు. లైటుకి పుట్ ఆఫ్ అనొచ్చు, ఇప్పుడు టర్న్ ఆఫ్, స్విచ్ ఆఫ్ అనేవాళ్లే ఎక్కువ గానీ అదీ ఉంది. తెలుగులో లైటునీ ఆర్పుతాం, మంటనీ ఆర్పుతాం. ఇంగ్లీషులో మాత్రం మంట, కొవ్వొత్తి, సిగరెట్టు లాంటివి పుట్ అవుట్ చేస్తారు. మీటింగుని పుట్ ఆఫ్ చేస్తే వాయిదా. మనిషిని పుట్ ఆఫ్ చేస్తే వాడికి ఆ పని మీద మనసు విరిచెయ్యడం. ‘ఆర్పు’ అన్న అర్థం పక్కన బ్రాకెట్లో ‘లైటు’ అని ఒక్క మాట వేసి ఉంటే ఆ ఆదివారం పొద్దున నా మొహం అలా అయ్యేది కాదు.

ఇదేదో నేను కనిపెట్టిన విషయమేమీ కాదు. జె.ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషావేత్త 1957లో ఒక మాట అన్నాడు, ఒక పదం ఎలాంటిదో దాని సావాసాన్ని బట్టి తెలుస్తుందని. భాషాశాస్త్రం చదివినవాళ్లందరూ ఈ మాట చెప్తారు గానీ, ఆయన 1937లో మన దేశానికి వచ్చి తెలుగు మీద కూడా పని చేసి వెళ్లాడన్న సంగతి మనవాళ్లు పెద్దగా చెప్పుకోరు. ఆ మాటకీ తెలుగుకీ ముడిపెట్టే సాహసం చెయ్యను, ముచ్చటగా అనిపించి చెప్పానంతే. ఆ దారిలోనే నడిచిన జాన్ సింక్లెయిర్, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో లక్షల మాటల ఇంగ్లీషుని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఏ మాట పక్కన ఏ మాట వస్తోందో వరసలు తీయించాడు. అలా బయటపడ్డ వాటిల్లో నాకు బాగా నచ్చింది ‘సెట్ ఇన్’. మొదలై స్థిరపడటం అని దానికి అర్థం చెప్తారు. కానీ నిజంగా జనం రాసిన వాక్యాల్లో చూస్తే, సెట్ ఇన్ అయ్యేవి దాదాపుగా కుళ్లు, ఇన్‌ఫెక్షన్, నిరాశ, క్షీణత లాంటివే. సంతోషం సెట్ ఇన్ అవ్వడం అరుదు.

మనకిది వింతగా ఉండక్కర్లేదు, మనకి ‘దాపురించు’ ఉంది. దరిద్రం దాపురిస్తుంది, శని దాపురిస్తుంది. "మా ఇంట్లో పెళ్లి దాపురించింది" అని ఎవరైనా అంటే, ఒకటి వాళ్లకి తెలుగు రాకపోయి ఉండాలి, లేదా అల్లుడు నచ్చకపోయి ఉండాలి.

సింక్లెయిర్ బృందం కోబిల్డ్ పేరుతో 1987లో నిఘంటువు తెచ్చింది, 1989లో ఫ్రేజల్ వెర్బులకే విడిగా ఇంకొకటి. వాటిలో అర్థం చెప్పే తీరే వేరు. మాటకి మాట ఇవ్వరు, పూర్తి వాక్యం రాస్తారు. ‘మీరు ఒక పనిని పుట్ ఆఫ్ చేస్తే, దాన్ని ఆలస్యం చేస్తారు’ అన్న తరహాలో. ‘దేన్ని?’ అన్న ప్రశ్నకి జవాబు అర్థంలోనే కుట్టేశారు. మన గైడుల్లో మాత్రం ఇప్పటికీ ఈక్వల్ టు గుర్తే.

ఇంకో గొడవ ఉంది, ఈ నామవాచకం ఎక్కడ కూర్చోవాలి అన్నది. "టర్న్ ఆఫ్ ద లైట్" అనొచ్చు, "టర్న్ ద లైట్ ఆఫ్" అనీ అనొచ్చు. ‘ఇట్’ పెడితే మాత్రం "టర్న్ ఇట్ ఆఫ్" ఒక్కటే, "టర్న్ ఆఫ్ ఇట్" కుదరదు. స్టేషన్‌కి వచ్చిన బంధువు గురించి మా ఆఫీసులో "ఐ హ్యావ్ టు పికప్ హిమ్" అని రోజూ వింటాను, "పిక్ హిమ్ అప్" అనాలి. మా టీచరు దీన్ని రూల్ అని చెప్పి ఊరుకున్నారు, ఎందుకో చెప్పలేదు. నాకు అర్థమైనంతలో చెప్తాను. ఇంగ్లీషు వాక్యంలో చివరి చోటు కొత్త కబురుకి, బరువైన మాటకి. ‘ఇట్’ అన్నామంటే దేని గురించో ఇద్దరికీ ముందే తెలుసు, అందులో కొత్తా లేదు, బరువూ లేదు. అందుకని దాన్ని మధ్యలోకి తోసేసి చివరి చోటు ‘ఆఫ్’కి ఇస్తారు. మనం ఇంకో అడుగు ముందుకేసి తెలిసినదాన్ని పూర్తిగా మింగేస్తాం. లైటు ఏం చేశావే అంటే "ఆపేశా" అంటాం, "దాన్ని ఆపేశా" అని ఎవరంటారు.

అదే నామవాచకం తోకంత పొడుగైతే లెక్క తిరగబడుతుంది. నిన్న రాత్రి అమ్మమ్మ పూజగదిలో వేసి మర్చిపోయిన లైటు ఆపు అని మనం హాయిగా అంటాం, ఎందుకంటే క్రియ చివర వస్తుందని తెలుగు చెవికి తెలుసు, ఓపిగ్గా ఆగుతుంది. ఇంగ్లీషులో ‘టర్న్’ అని మొదలుపెట్టి, లైటు, ఆ లైటు వేసిన అమ్మమ్మ, పూజగది, నిన్న రాత్రి అన్నీ చెప్పి అప్పుడు ‘ఆఫ్’ అంటే, వినేవాడు టర్న్ సంగతి ఎప్పుడో మర్చిపోయి ఉంటాడు. అందుకని టర్న్ ఆఫ్ ముందు కలిపి అనేసి, పొడుగుదంతా తర్వాత చెప్తారు. వీటికి తోడు అసలు విడిపోనివీ ఉన్నాయి. "లుక్ ఆఫ్టర్ ద బేబీ"లో బేబీని మధ్యలో పెట్టలేం. "ఐ కాంట్ టెల్ ద ట్విన్స్ అపార్ట్"లో కవలల్ని మధ్యలో తప్ప ఇంకెక్కడా పెట్టలేం.

అన్నిటికన్నా సరదా అయినది కొండా, బిల్లూ. "హి రాన్ అప్ ఎ హిల్", "హి రాన్ అప్ ఎ బిల్". వినడానికి ఒక్క అక్షరం తేడా. మొదటిదాంట్లో ‘అప్’ కొండది. మనం కొండ మీదికి అన్నప్పుడు ‘మీదికి’ కొండకి అంటుకుని ఉంటుందే, అలాగ. రెండోదాంట్లో ‘అప్’ పరిగెత్తడానిది, రెండూ కలిస్తే బిల్లు పెంచెయ్యడం. అందుకే బిల్లుని మధ్యలోకి తెచ్చి "రాన్ ద బిల్ అప్" అనొచ్చు, కొండని అలా తేలేం. పైకి ఒకేలా కనిపించే రెండు వాక్యాల్లో అప్ ఎవరి మనిషో తేల్చింది మళ్లీ నామవాచకమే.

ఈ విషయం డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే నా స్నేహితురాలితో అంటే ఒప్పుకోలేదు. "నువ్వు మరీ చేస్తున్నావే, అప్, ఆఫ్, అవుట్‌లకి వాటి లాజిక్ వాటికుంది. ఈట్ అప్, డ్రింక్ అప్, యూజ్ అప్, అన్నిటిలో అప్ అంటే పూర్తిగా అనేగా" అంది. అది నిజమే, ఒప్పుకుంటాను. పైగా మనకి అచ్చం అలాంటిదే ఉంది. తినెయ్, తాగెయ్, వాడెయ్, చెప్పెయ్. ఇక్కడ ‘వెయ్యి’ అన్న క్రియ తన పని మానేసి పక్క క్రియకి తోకగా చేరి, ‘మొత్తం, ఇంకేం మిగలకుండా’ అంటోంది. ఈట్ అప్‌కి తినెయ్ కన్నా మంచి తెలుగు లేదు. పిల్లలకి ఈ పోలిక చెప్తే ఒక్క నిమిషంలో పట్టుకుంటారు, కానీ ఏ గైడులోనూ ఉండదు.

కానీ ఆ లాజిక్ నన్ను ఎంత దూరం తీసుకెళ్తుంది? త్రో అప్ అంటే వాంతి చేసుకోవడం, షో అప్ అంటే రావడం, వీటిలో ‘పూర్తిగా’ ఎక్కడుంది? ఇల్లు బర్న్ డౌన్ అయినా బర్న్ అప్ అయినా బూడిదే. అప్లికేషన్ ఫిల్ ఇన్ చేసినా ఫిల్ అవుట్ చేసినా ఒకటే, ఇన్‌కీ అవుట్‌కీ చుక్కెదురైనా సరే. అయితే ఖాళీల్ని మాత్రం ఫిల్ ఇన్ చెయ్యాలి, ఫిల్ అవుట్ కుదరదు. ఫారానికి రెండూ, ఖాళీకి ఒకటే. మళ్లీ అక్కడికే వచ్చాం, దేన్ని? లాజిక్ అనేది అర్థం ముందే తెలిసినవాళ్లకి బాగా కనిపిస్తుంది, పెళ్లయ్యాక జాతకాలు కలిసినట్టు. తెలియనివాడికి దారి చూపించే పని అంతగా చెయ్యదు. ఇంత చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు, కాఫీ బిల్లు మాత్రం నా చేత కట్టించింది.

మనకొక్కళ్లకే ఈ తిప్పలు అనుకోనక్కర్లేదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు ముందుమాటలోనే, పరాయి భాషవాళ్లకి ఇంగ్లీషులో అన్నిటికన్నా కష్టమైనవి ఇవేనని వాపోయాడు. అప్పటికి వీటికి పేరు కూడా లేదు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న మాట 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంలో అచ్చయింది, తనకి ఆ మాట అందించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పుకున్నాడు.

మన ఊళ్లలో ఇవి ఇంకో అవతారం ఎత్తాయి. ఇంగ్లీషువాళ్లు క్రియగా వాడేదాన్ని మనం ముద్దగా తీసుకుని నామవాచకం చేసేసి, దాని వెనక మన క్రియ తగిలించాం. బిల్డప్ ఇస్తాం, వర్కవుట్ అవ్వదంటాం, వాడేదో సెటప్ చేశాడంటాం, ఫ్యాన్ ఆఫ్ చేస్తాం. తెలుగుగా ఇవన్నీ చక్కగా ఉన్నాయి, నాకే ఫిర్యాదూ లేదు. తిరిగి ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడే చిక్కు. ఆఫ్ చెయ్యిలో ‘చెయ్యి’ తీసేస్తే మిగిలేది "ఆఫ్ ద ఫ్యాన్", అందులో క్రియే లేదు. ఫోన్ ఎత్తట్లేదు కాస్తా లిఫ్ట్ చెయ్యట్లేదు అయింది, అక్కణ్ణుంచి "హి ఈజ్ నాట్ లిఫ్టింగ్" అయింది. అమెరికావాడికి అది చెప్తే ఎవరో జిమ్ మానేశాడనుకుంటాడు.

ఒక్క ‘పాస్డ్ అవుట్’ విషయంలో మాత్రం మనవాళ్ల పక్షమే నేను. "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2009" అంటే స్పృహ తప్పి పడిపోయావా అని నవ్వుతారు కదా, కానీ డెహ్రాడూన్‌లో మిలిటరీ అకాడమీ క్యాడెట్లకి జరిగేది పాసింగ్ అవుట్ పరేడే. బ్రిటిష్ సైన్యంలో శిక్షణ పూర్తి చేసుకున్నవాళ్లకి ఆ మాట ఎప్పట్నుంచో ఉంది. క్యాడెట్ పాస్ అవుట్ అయితే చేతికి ఉద్యోగం వస్తుంది, ఎండలో నిలబడ్డ మామూలు మనిషి పాస్ అవుట్ అయితే మొహాన నీళ్లు కొట్టాలి. మనం సైన్యం మాటని కాలేజీకి తెచ్చుకున్నాం, అంతే తేడా.

ఆఫీసు మెయిళ్ల దగ్గరికి వస్తే, "లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు" అన్నది రోజుకి పది చూస్తాను. ‘హియరింగ్’ అనాలి అని చెప్తే, ‘టు’ తర్వాత క్రియ మామూలుగానే ఉండాలి కదా అంటారు. ఇక్కడ టు వెనకున్న చోటు నామవాచకానిది. లుకింగ్ ఫార్వర్డ్ టు ద హాలిడేస్ అంటాం కదా, సెలవులు కూర్చున్న ఆ కుర్చీలోనే క్రియ కూర్చోవాలంటే అది నామవాచకం వేషం వేసుకు రావాలి, ఆ వేషమే ‘ఇంగ్’. మిమ్మల్ని కలవడం కోసం ఎదురు చూస్తున్నాను అన్నప్పుడు తెలుగులో మనం చేసేది సరిగ్గా ఇదే. కలవు అని వదిలెయ్యం, కలవడం అంటాం. సిగరెట్లు తాగడం మానేశాడు, గేవ్ అప్ స్మోకింగ్. మా టీములో కొత్తగా చేరిన కుర్రాడికి ఈ ‘డం’ సంగతి చెప్తే, "అక్కా, ఇంత తేలికైంది అయిదేళ్లుగా ఎవరూ చెప్పలేదేంటి" అన్నాడు.

మా పిల్ల ఇప్పుడు ఆ నోట్సు పక్కన పడేసి ఇంకో పుస్తకం పెట్టుకుంది. పేజీకి పైన నామవాచకం రాస్తుంది. ‘మీటింగ్’ అని రాసి, కింద పుట్ ఆఫ్, కాల్ ఆఫ్, సెట్ అప్, బ్రింగ్ ఫార్వర్డ్. ‘ఆఫర్’ అని రాసి, కింద టేక్ అప్, టర్న్ డౌన్. సలహా నాదే గానీ అమలు నేననుకున్న దానికన్నా బాగా చేస్తోంది, బొమ్మలు కూడా వేస్తోంది.

మొన్న ఆదివారం మళ్లీ ఫోన్. హాస్టల్లో తన రూమ్మేట్ కోల్‌కతా అమ్మాయట, తెలుగు నేర్పమని అడిగితే ఇది నేర్పుతోందట. ఆ అమ్మాయి పొద్దున్నే లేచి చాలా గర్వంగా, "నేను రాత్రి బాగా నిద్ర పట్టాను" అందట.

"అలా ఎందుకందే?" అన్నాను.

కాసేపు చప్పుడు లేదు. "నేనే లిస్టు రాసిచ్చాను పిన్నీ" అంది. "పట్టు ఈక్వల్ టు హోల్డ్ అని."